పిల్లల లోషన్‌లో ఫినాక్సీఇథనాల్: ఎంత రాస్తున్నాం, ఎక్కడ రాస్తున్నాం?

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు, బరువు ఏడు కిలోలు. పాలు బాగానే తాగుతుంది, హుషారుగా ఆడుకుంటుంది. చర్మం మాత్రం మొదటి నుంచీ పొడిబారుతూ ఉండడంతో నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు ఒంటినిండా పిల్లల లోషన్ రాస్తున్నాను. డైపర్ మార్చినప్పుడల్లా వైప్స్‌తో తుడిచి, అక్కడ కూడా అదే లోషన్ రాస్తున్నాను. ఈమధ్య బంధువులొకరు ఒక సందేశం పంపారు. అందులో ఫినాక్సీఇథనాల్ అనేది నరాలను మొద్దుబార్చే విషమనీ, చేపలకు మత్తు ఇవ్వడానికి వాడతారనీ, పిల్లల ఉత్పత్తుల్లో దాన్ని నిషేధించిన దేశాలున్నాయనీ ఉంది. సీసా తిప్పి చూస్తే ఆ పేరు కనిపించింది, వైప్స్ ప్యాకెట్ మీద కూడా ఉంది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇన్నాళ్లూ రాసినందువల్ల పాపకు హాని జరిగి ఉంటుందా? రక్తపరీక్ష చేయించాలా? ప్రిజర్వేటివ్‌లు అసలే లేని ఉత్పత్తికి మారిపోతే మంచిదా?

జవాబు: మీ నిద్ర చెడగొడుతున్న ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను. రక్తపరీక్ష అక్కర్లేదు. పాప బాగా పాలు తాగుతూ, చురుగ్గా ఉంటూ, వయసుకు తగినట్టు బరువు పెరుగుతూ ఉంటే, ఈ నాలుగు నెలల్లో రాసిన లోషన్ వల్ల హాని జరిగిందని అనుమానించడానికి కారణం లేదు. ఫినాక్సీఇథనాల్ ఒంట్లో పేరుకుపోయే రసాయనం కాదు. చర్మం గుండా లోపలికి వెళ్లిన భాగం చాలావరకు ఫినాక్సీఎసిటిక్ ఆమ్లంగా మారి మూత్రంలో బయటికి పోతుంది. అయితే మీరు ప్రశ్నగా అడగకుండా మామూలుగా చెప్పి వదిలేసిన ఒక మాట దగ్గర నేను ఆగాను. డైపర్ కింద కూడా అదే లోషన్ రాస్తున్నానన్నారు. మార్చుకోవలసింది ఏదైనా ఉంటే అది ఆ అలవాటే. ఎందుకో కాస్త ముందుకు వెళ్లాక చెబుతాను.

ఫినాక్సీఇథనాల్ రంగులేని, కొంచెం జిడ్డుగా ఉండే ద్రవం, సన్నగా గులాబీ వాసన వస్తుంది. ఫినాల్‌నూ ఇథిలీన్ ఆక్సైడ్‌నూ కలిపి దీన్ని తయారు చేస్తారు. పేరులో ఇథనాల్ ఉన్నంత మాత్రాన ఇది మద్యంలో ఉండే ఆల్కహాల్ కాదు. లోషన్‌లో ఎక్కువ భాగం నీరే కాబట్టి, ప్రిజర్వేటివ్ లేకపోతే మూత తీసిన కొద్ది రోజులకే అందులో సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. వాటిని, ముఖ్యంగా సూడోమోనాస్ వంటి బాక్టీరియాను అణచడమే ఈ రసాయనం పని. గ్రీన్ టీలో ఇది సహజంగానే ఉంటుందని కొందరు దీన్ని వెనకేసుకొస్తారు. ఆ వాదనను నేను ఒప్పుకోను. సహజంగా దొరికే విషాలు కొల్లలుగా ఉన్నాయి. ఇది పాపకు సురక్షితమా కాదా అన్నది ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద ఆధారపడదు, ఎంత మోతాదులో ఒంట్లోకి వెళుతోందన్న దాని మీద ఆధారపడుతుంది.

మీకు వచ్చిన సందేశంలో చేపల మాట అబద్ధం కాదు. చేపల పెంపకంలోనూ పరిశోధనల్లోనూ వాటిని కదలకుండా ఉంచడానికి ఈ ద్రవాన్ని నీటిలో కలుపుతారు. అయితే అక్కడ చేప పూర్తిగా ఆ నీటిలోనే మునిగి ఉంటుంది, రసాయనం మొప్పల గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. నరాల మాట కూడా గాలిలోంచి పుట్టినది కాదు. చేపలకు మత్తు ఇచ్చే పనిలో ఏడాదికి పైగా ఈ ద్రవం చేతులకు నేరుగా తగులుతూ వచ్చిన ముగ్గురు కార్మికుల గురించి 1990లో ఒక వైద్య నివేదిక వచ్చింది. వారికి తలనొప్పి, మత్తుగా ఉండడం, చేతుల్లో స్పర్శ తగ్గడం వంటి బాధలు కనిపించాయి. అంటే మోతాదు పెరిగితే ఈ రసాయనం నాడీవ్యవస్థను మందగింపజేయగలదన్నది నిజమే. సందేశం రాసినవారు ఆ నిజాన్ని మాత్రం తీసుకుని, మోతాదు సంగతి వదిలేశారు. అందుకే అది అంత భయపెట్టింది.

ఇప్పుడు మోతాదు లెక్క చూద్దాం. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం సౌందర్య ఉత్పత్తుల్లో ఫినాక్సీఇథనాల్ 1 శాతానికి మించకూడదు. జపాన్‌లోనూ అదే పరిమితి. మీ లోషన్‌లో సరిగ్గా ఆ 1 శాతమే ఉందనీ, ఒంటినిండా ఒకసారి రాయడానికి 4 గ్రాములు పడుతుందనీ అనుకుందాం. రోజుకు రెండుసార్లంటే 8 గ్రాముల లోషన్, అందులో 80 మిల్లీగ్రాముల ఫినాక్సీఇథనాల్. ఏడు కిలోల పాపకు ఇది కిలో బరువుకు దాదాపు 11 మిల్లీగ్రాములు. రాసినదంతా ఒంట్లోకి వెళ్లిపోతుందని అనుకుని వేసిన లెక్క ఇది, నిజానికి కొంత చర్మం మీదే ఉండిపోతుంది, కొంత బట్టలకు అంటుకుపోతుంది. కుందేళ్ల చర్మం మీద రోజుకు కిలో బరువుకు 500 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజుల పాటు రాసిన ప్రయోగంలో శరీరం లోపల హాని కనబడలేదు. అంతకన్నా ఎక్కువ మోతాదుల్లో గర్భంతో ఉన్న కుందేళ్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయి. ఈ విషయంలో కుందేళ్లు మనుషుల కంటే బాగా సున్నితమైనవి, మనిషి ఎర్ర రక్తకణాలు ఈ రసాయనాన్ని మెరుగ్గా తట్టుకుంటాయి.

11కూ 500కూ మధ్య ఉన్నది దాదాపు నలభై అయిదు రెట్ల తేడా. ఈ తేడా చాలా, చాలదా అన్న దగ్గరే నిపుణుల మధ్య వివాదం వచ్చింది, మీకు చేరిన "నిషేధం" మాట కూడా ఆ వివాదంలోంచే పుట్టి ఉంటుంది. జంతువులకు హాని చేయని మోతాదుకూ, మనిషికి తగిలే మోతాదుకూ మధ్య కనీసం 100 రెట్ల తేడా ఉండాలన్నది ఇలాంటి లెక్కల్లో పాటించే ఆనవాయితీ. జంతువుకూ మనిషికీ ఉండే తేడాకు ఒక పది, మనిషికీ మనిషికీ ఉండే తేడాకు ఇంకో పది, రెండూ గుణిస్తే వంద. ఫ్రాన్స్‌లోని ఔషధ భద్రతా సంస్థ 2012లో, మూడేళ్ల లోపు పిల్లలకు ఆ తేడా చాలడం లేదని భావించి, డైపర్ తొడిగే చోట వాడే ఉత్పత్తుల్లో ఈ రసాయనం ఉండకూడదనీ, ఆ వయసు పిల్లల ఇతర ఉత్పత్తుల్లో 0.4 శాతం మించకూడదనీ సిఫారసు చేసింది. అది సిఫారసే, పూర్తి నిషేధం కాదు. తర్వాత యూరోపియన్ యూనియన్ శాస్త్రీయ కమిటీ 2016లో ఈ విషయాన్ని మళ్లీ పరిశీలించింది. మనిషి శరీరం ఈ రసాయనాన్ని ఎలా విడగొట్టి బయటికి పంపుతుందో నేరుగా తెలిసినప్పుడు, జంతువుకూ మనిషికీ తేడా ఎంత ఉండవచ్చో ఊహించి పెట్టుకున్న అంకెలో ఆ భాగాన్ని తగ్గించవచ్చనీ, ఇక్కడ 25 రెట్ల తేడా చాలుననీ, అసలు వాడకంలో అంతకంటే ఎక్కువే ఉందనీ తేల్చి, 1 శాతం వరకు పిల్లలకు కూడా సురక్షితమేనని అభిప్రాయం చెప్పింది. అయినా ఫ్రాన్స్ సంస్థ తన మాట వెనక్కి తీసుకోలేదు. మూడేళ్ల లోపు పిల్లల పిరుదుల మీద వాడవద్దన్న హెచ్చరికను, చర్మం మీద కడగకుండా వదిలేసే ఉత్పత్తుల లేబుల్ మీద ముద్రించాలని 2019లో నిర్ణయించింది.

ఇద్దరిలో ఎవరిది సరైన మాట అని మీరు అడిగితే, ఒంటికి రాసే లోషన్ విషయంలో యూరోపియన్ కమిటీ వాదనే నాకు బలంగా కనిపిస్తుంది, డైపర్ కింద వాడకం విషయంలో మాత్రం ఫ్రాన్స్ సంస్థ జాగ్రత్తను పాటించమనే చెబుతాను. ఒకే రసాయనం గురించి ఒకే బిడ్డ ఒంటి మీద రెండు చోట్ల రెండు రకాలుగా చెప్పడం వింతగా అనిపించవచ్చు. కానీ చర్మం అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. నెలలు నిండి పుట్టిన పిల్లల చేతుల మీద, వీపు మీద ఉండే ఆరోగ్యమైన చర్మం బయటి పదార్థాలను బాగానే అడ్డుకుంటుంది. డైపర్ లోపల పరిస్థితి వేరు. గాలి ఆడదు, తడి ఆరదు, మూత్రమూ మలమూ కలిసి చర్మం మీది స్వల్ప ఆమ్లతను పోగొడతాయి, మలంలోని ఎంజైములు పై పొరను తినేస్తాయి, పైగా డైపర్ అంచులు ఒరుసుకుంటూ ఉంటాయి. అలా నాని, ఒరిసి, ఎర్రబారిన చర్మం అడ్డుగోడగా సగమే పనిచేస్తుంది. దాని మీద లోషన్ రాసి పైన డైపర్ బిగిస్తే, రాసినది ఎటూ పోవడానికి దారి లేక లోపలికే ఎక్కువగా ఇంకుతుంది. దీనికి తోడు పసిబిడ్డల బరువుతో పోలిస్తే వారి చర్మ విస్తీర్ణం చాలా ఎక్కువ. పుట్టినప్పుడు ఈ నిష్పత్తి పెద్దవారితో పోలిస్తే 2.3 రెట్లు, ఆరు నెలలకు 1.8 రెట్లు, ఏడాదికి 1.6 రెట్లు ఉంటుంది.

డైపర్ కింది చర్మాన్ని తేలిగ్గా తీసుకోకూడదని వైద్యలోకం చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1972లో ఫ్రాన్స్‌లో పిల్లలకు వాడే ఒక టాల్కం పౌడరులో, తయారీలో జరిగిన పొరపాటు వల్ల, హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమినాశిని 6 శాతానికి పైగా కలిసిపోయింది. రెండు వందల మందికి పైగా పిల్లలు జబ్బుపడ్డారు, 36 మంది చనిపోయారు. పౌడరు రాసిన చోట చర్మం దెబ్బతిని ఉండడం ఆ విషం లోపలికి పోవడానికి దోహదపడింది. ఫినాక్సీఇథనాల్‌ను హెక్సాక్లోరోఫీన్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు, రెండింటి విషగుణంలోనూ చాలా తేడా ఉంది. చర్మం తీరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కాబట్టి డైపర్ చోట లోషన్ మానేయండి. అక్కడ కావలసింది తేమనిచ్చే లోషన్ కాదు, తడిని చర్మానికి తగలకుండా ఆపే పూత. పెట్రోలియం జెల్లీ గానీ, జింక్ ఆక్సైడ్ కలిసిన చిక్కటి ఆయింట్‌మెంట్ గానీ ఆ పని చేస్తాయి. నీరు ఉండదు కాబట్టి పెట్రోలియం జెల్లీకి ప్రిజర్వేటివ్ అవసరం రాదు. జింక్ ఉన్న వాటిలో కొన్ని నీరు కలిసిన క్రీములు, అందుకని కొనే ముందు వాటి లేబుల్ ఒకసారి చూడండి. వైప్స్ విషయంలో, ఇంట్లో ఉన్నప్పుడు మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు చాలు. బయటికి వెళ్లినప్పుడు వైప్స్ వాడితే వాడారు గానీ, ఇంటికి రాగానే ఆ చోట నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు డైపర్ తొడగండి.

ప్రిజర్వేటివ్‌లు అసలే లేని ఉత్పత్తికి మారాలా అన్నారు. పెట్రోలియం జెల్లీ, నూనెలు, నీరు లేని ఆయింట్‌మెంట్లు అయితే నిశ్చింతగా మారవచ్చు. పొడి చర్మానికి అవి చాలాసార్లు లోషన్ కంటే మెరుగ్గానే పనిచేస్తాయి. నీళ్లుగా ఉండే లోషన్ మీద ప్రిజర్వేటివ్ లేదని రాసి ఉంటే మాత్రం దాన్ని నేను అనుమానంతోనే చూస్తాను. వేళ్లు ముంచి తీసే డబ్బాలో, వెచ్చటి గదిలో, నెలల తరబడి ఉండే నీటి లోషన్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా ఏదో ఒకటి ఆపాలి కదా. వ్యాధినిరోధక శక్తి ఇంకా కుదురుకోని పసిబిడ్డ ఒంటికి బాక్టీరియా పెరిగిన లోషన్ రాయడం, 1 శాతం ఫినాక్సీఇథనాల్ ఉన్న లోషన్ రాయడం కంటే ఎక్కువ ప్రమాదం. ఇంట్లోనే నీళ్లు కలిపి తయారు చేసుకునే క్రీములకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

ఒక ప్రిజర్వేటివ్ మీద భయంతో ఇంకోదానికి పరుగెత్తితే ఏమవుతుందో పారబెన్ల విషయంలో ఇప్పటికే చూశాం. హార్మోన్లను పోలిన ప్రభావం ఉండవచ్చన్న అనుమానంతో పారబెన్లు జనంలో చెడ్డపేరు తెచ్చుకున్నాయి. నిజానికి అన్ని పారబెన్లూ ఒకటి కావు. యూరోపియన్ యూనియన్ 2014లో వాటిలో అయిదింటిని పూర్తిగా తొలగించింది. ప్రొపైల్, బ్యూటైల్ పారబెన్లను మూడేళ్ల లోపు పిల్లల డైపర్ చోట కడగకుండా వదిలేసే ఉత్పత్తుల్లో వాడవద్దంది. మిథైల్, ఇథైల్ పారబెన్లను వాడకంలో ఉంచింది. కానీ మార్కెట్ అంత ఓపిగ్గా విడదీసి చూడలేదు. పారబెన్లు లేవని లేబుల్ మీద పెద్ద అక్షరాలతో వేసుకోవడానికి చాలా ఉత్పత్తులు మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ఇంకో ప్రిజర్వేటివ్‌కు మారాయి, వైప్స్‌తో సహా. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. దానివల్ల చర్మ అలర్జీలు ఎంతగా పెరిగాయంటే, అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ (చర్మానికి ఏదైనా తగలడం వల్ల వచ్చే వాపు, దురద) నిపుణుల సంఘం 2013లో దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. యూరప్‌లో 2017 నుంచి చర్మం మీద వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని నిషేధించారు. అదే సంఘం 2019లో పారబెన్లను ఆ ఏటి "అలర్జీ కలిగించని" పదార్థంగా ఎంచుకోవడం ఈ కథలో ఒక చమత్కారం. ఫినాక్సీఇథనాల్ వల్ల అలర్జీలు చాలా అరుదు. మీ చేతిలో ఉన్న సీసాను పారేసి, పేరు తెలియని మరో ప్రిజర్వేటివ్ ఉన్న సీసా కొనే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ఇంకొకటి ఉంది. పాపకు మీ పాలే పడుతూ, చనుమొనల పగుళ్లకు ఏదైనా క్రీము రాస్తూ ఉంటే దాని లేబుల్ కూడా చూడండి. ఫినాక్సీఇథనాల్, క్లోర్‌ఫెనెసిన్ అనే మరో ప్రిజర్వేటివ్ రెండూ ఉన్న అలాంటి ఒక క్రీమును వాడవద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2008లో హెచ్చరించింది. పాలతో పాటు అవి బిడ్డ కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు, ఊపిరి మందగించడం జరగవచ్చన్నది ఆ హెచ్చరిక సారాంశం. చర్మం మీద రాయడానికీ నోటి గుండా లోపలికి పోవడానికీ ఉన్న తేడా ఇదే. అందువల్ల పాప అస్తమానం నోట్లో పెట్టుకునే చేతులకూ, నోటి చుట్టూ ఉన్న చోటుకూ లోషన్ బదులు కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయండి, సీసా పాపకు అందకుండా పెట్టండి. ఎప్పుడైనా పాప లోషన్ మింగిందని అనుమానం కలిగి, అలవాటు లేని మగత, ఒళ్లు వదిలేయడం, పాలు తాగలేకపోవడం, ఊపిరిలో తేడా కనిపిస్తే సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చేతులకూ కాళ్లకూ వీపుకూ పొట్టకూ ఇప్పుడు వాడుతున్న లోషన్‌నే పలుచగా కొనసాగించవచ్చు. సువాసన కోసం ఏదైనా కలిపి ఉంటే, సువాసన లేని రకానికి మారడం మంచిది. పిల్లల లోషన్లలో అలర్జీ తెచ్చే వాటి గురించి అడిగితే ప్రిజర్వేటివ్ కంటే ముందు నేను సువాసననే అనుమానిస్తాను. స్నానం తర్వాత మూడు నాలుగు నిమిషాల్లో, చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగా రాస్తే తక్కువ లోషన్‌తోనే పని జరుగుతుంది. లేబుల్ చదవడానికి ఒక చిన్న కిటుకు కూడా చెబుతాను. చాలా చోట్ల పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు, 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఎలాగైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్ 1 శాతానికి మించడానికి వీల్లేదు కాబట్టి, ఆ పరిమితి పాటించిన ఉత్పత్తిలో దాని పేరు తర్వాత వచ్చేవన్నీ 1 శాతమో అంతకంటే తక్కువో అని అర్థం. ముందు వైపు గొప్పగా ముద్రించిన మొక్కల రసాలు ఎంత ఉన్నాయో అప్పుడు మీకే తెలుస్తుంది.

లోషన్ రాసిన కాసేపటికే దద్దుర్లు లేచినా, రాసిన చోటల్లా ఎర్రబడి దురద పెడుతున్నా అన్నీ ఒక్కసారి ఆపేసి, చర్మం మామూలు అయ్యాక, ఒక్కొక్క ఉత్పత్తినే మోచేయి మడత దగ్గర రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ, ఎగ్జిమాతో చర్మం విస్తారంగా పగిలి రసి కారుతున్న పిల్లలకూ నేను పైన వేసిన లెక్క పనికిరాదు, వారికి ఏది రాయాలో పిల్లల వైద్యుడు చూసి చెప్పాలి. మీ పాప మొదటి నుంచీ పొడి చర్మంతోనే ఉందన్నారు. పొడితో పాటు బుగ్గల మీద, మోకాళ్ల దగ్గర ఎర్రటి మచ్చలు వచ్చిపోతూ, రాత్రి గోక్కుంటూ నిద్ర లేస్తుంటే అది ఎగ్జిమా కావచ్చు. అలాంటప్పుడు లోషన్లు మార్చుకుంటూ పోకుండా, వాడుతున్న వాటి లేబుళ్లను ఫోనులో ఫొటో తీసుకుని వైద్యుని దగ్గరకు వెళ్లండి.